ఫికరు లేదని తేలిన అక్క

స్టెరాయిడ్ అనే మాట వినగానే ముఖం చిట్లించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న సైదాబాద్‌లో మా వీధి పార్కులో నడుస్తుంటే ఒకాయన, రిటైరైన లెక్చరరే, మనవడి ఉబ్బసానికి డాక్టరు రాసిన మందు గురించి చెబుతూ అందులో స్టెరాయిడ్ ఉందని, అది విషమని అన్నాడు. విషమైతే ఈ పొద్దున మీరు మంచం దిగి ఇక్కడిదాకా ఎట్లా వచ్చారని అడిగాను. ఆయన రక్తంలో ఆ నిమిషాన పారుతున్నదీ అదే. అది బొత్తిగా లేకపోతే మనిషి లేచి నిలబడలేడు. చెప్పాను. మర్నాటి నుంచి ఆయన పార్కులో అవతలి వైపు తిరుగుతున్నాడు. నాకిది అలవాటే.

నేను డిగ్రీలు చదివినవాణ్ణి కాను. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని పెరిగాను. ఏడో తరగతితో బడి ఆగింది. పట్నం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పనికి కుదిరాను. కడిగేటప్పుడు ఈ గొట్టంలో ఏముండేదని అడిగేవాణ్ణి. చెప్పేవాళ్లకు తీరిక లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొని, పక్కన డిక్షనరీ పెట్టుకొని, ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం ఖర్చుపెట్టి చదివాను. చివరికి హార్మోన్ల గది నా చేతికొచ్చింది. సర్టిఫికెట్ లేదు కాబట్టి నన్ను టెక్నీషియన్ అనకూడదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అనకపోతే మానె.

ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలూ, ఇది మీకోసం రాస్తున్నాను. మీ దగ్గర గదంత యంత్రం ఉంటుంది. గొట్టం పెడితే అంకె వస్తుంది. నచ్చకపోతే మళ్లీ మీట నొక్కుతారు. మా రోజుల్లో ఒక అంకె మాకు నచ్చలేదు. దాన్ని మేమేం చేశామో, అది మమ్మల్నేం చేసిందో చెబుతాను.

ముందు సరుకేమిటో తెలియాలి. మా ఇళ్లలో తెల్ల నూలు తెచ్చి, రంగు పట్టకూడని చోటల్లా దారంతో బిగించి, రంగులో ముంచుతారు. చిటికి కట్టడం అంటాం. నూలు ఒకటే. కట్టు మారితే చీర మారుతుంది. ఒంట్లో జరిగేదీ ఇంచుమించు అదే. మీరు భయపడే కొలెస్టరాల్ ఉంది చూశారూ, అదే తెల్ల నూలు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని ఒకచోట కత్తిరించి, ఒకచోట అతికించి కార్టిసాల్ చేస్తాయి. ఇంకో వరసలో పోనిస్తే ఒంట్లో ఉప్పును కాపాడే హార్మోను తయారవుతుంది. మగవాళ్లను మగవాళ్లుగా, ఆడవాళ్లను ఆడవాళ్లుగా తీర్చే హార్మోన్లూ ఆ నూలువే, మగ్గాలే వేరు. వీటన్నిటి ఇంటిపేరే స్టెరాయిడ్. ఇంకో సంగతి. వీటిని ఒళ్లు గోదాములో దాచిపెట్టుకోదు. ఎప్పటికి కావాలో అప్పటికి నేయాల్సిందే. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, కడుపు మాడినా కార్టిసాల్ మగ్గం జోరుగా ఆడాలి. ఆడకపోతే మనిషి నిలవడు.

మా హార్మోన్ల గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. గదికి పెద్ద, ఒక మేడం, బయోకెమిస్ట్రీ చదివినావిడ. కృష్ణా జిల్లా నుంచి పెళ్లి చేసుకొని వచ్చి చైతన్యపురిలో స్థిరపడింది. నాకన్నా చిన్నది. నన్ను "మాస్టారూ" అని పిలిచేది. ఏడో తరగతి వాణ్ణి పట్టుకొని మాస్టారేమిటి, వెక్కిరింపా అని మొదట్లో నెలరోజులు మూతి ముడుచుకున్నాను. వాళ్ల వైపు పెద్దవాళ్లను అలా పిలవడం మర్యాదని తరువాత తెలిసింది. రెండోవాణ్ణి నేను. మూడో మనిషి అక్క. గొట్టాలు కడిగేది, గది ఊడ్చేది, టీ పెట్టేది, మా అందరి మీదా పెత్తనం చేసేది. ఊరు మాకు పక్క ఊరే. కాపురం చంపాపేట్. మొగుడు ఆటో నడిపేవాడు. వయసుకు నాకన్నా చిన్నదైనా ల్యాబుకంతా అక్కే, నాకూ అక్కే. నన్ను మాత్రం అన్నా అనేది.

ముగ్గురం కలిసి తినేవాళ్లం. మేడం గోంగూర పచ్చడి, అక్క సర్వపిండి, మా ఇంటి పప్పుచారు. సర్వపిండిలో గోంగూర నంజుకు తినడం కనిపెట్టింది మేమే అని నా నమ్మకం.

కొత్త కిట్ వచ్చినప్పుడల్లా మాకొక ఆచారం ఉండేది. అందులో వచ్చే అంకెలు నమ్మదగ్గవో కాదో తేల్చుకోవాలంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. బయటివాళ్లెవరు ఇస్తారు? కాబట్టి మేమే ఇచ్చుకునేవాళ్లం. కార్టిసాల్ తెల్లవారేసరికి ఎక్కువగా ఉండి పొద్దు పోయేకొద్దీ తగ్గుతుంది, అందుకని అందరం పొద్దున్నే, టీ కూడా తాగకుండా వచ్చి చేతులు చాపేవాళ్లం. తరువాత ఓనరు ఖర్చుతో బండి మీద ఇడ్లీ. ల్యాబులో అదొక పండగ.

ఆ ఏడు వచ్చిన కిట్‌కీ అలాగే చేశాం. ప్లాస్టిక్ ప్లేటులో ఒక్కొక్కరి రక్తానికి ఒక్కో చిన్న గుంట ఉంటుంది, ఆ పరీక్షలో రంగు తిరగేసి వస్తుంది. హార్మోను ఎంత తక్కువుంటే పసుపు అంత చిక్కన. మా అందరి గుంటలూ లేత పసుపు, ఒక్క గుంట మాత్రం ముద్దబంతి రంగు. అది అక్కది. మళ్లీ చేశాం. మళ్లీ ముద్దబంతే. ఉండాల్సినదానిలో అడుగూబొడుగూ కూడా లేదు.

మేడం పెన్ను పళ్ల మధ్య పెట్టుకొని చాలాసేపు చూసింది. ఎదురుగా అక్క ఇడ్లీ పొట్లాలు విప్పుతూ, చట్నీ తక్కువిచ్చాడని బండివాణ్ణి తిడుతోంది. అంత గట్టిగా తిట్టే మనిషికి కార్టిసాల్ లేదంటే ఎవరు నమ్ముతారు?

"శాంపిల్‌లో ఏదో తేడా ఉందండీ మాస్టారూ. ఇది కలిపితే మన సగటంతా కిందికి లాగేస్తుంది. పక్కన పెట్టేద్దాం" అంది.

పక్కన పెట్టేశాం. ఇలాంటిది ఇంకెవరూ చేయరు, ల్యాబువాళ్లే చేస్తారు. మనిషి బాగుందని ముందే తేల్చుకొని, అంకెది తప్పన్నాం. పైగా దాని మీదొక జోకు పుట్టింది. కార్టిసాల్‌ను కంగారు పుట్టినప్పుడు పెరిగే హార్మోనని అందరూ అంటారు కదా. అక్కకు లేదంటే ఏమిటర్థం? ఏ చింతా లేని మనిషని మిషనే చెప్పింది. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు చెప్పలేను, నేనే అయ్యుండవచ్చు. అక్క దాన్ని సర్టిఫికెట్‌లా పట్టుకుంది. రక్తం ఇవ్వడానికి భయపడే ప్రతివాడికీ చెప్పేది.

"నన్ను చూడు. నాకు ఫికర్ లేదని మిషన్ల తేలింది. పరేషాన్ గాకు, జర చెయ్యి ఇటియ్యి."

ఆ ఏడాదంతా ఆమె ముఖం నిండుతూ వచ్చింది. చంద్రబింబంలా గుండ్రమైంది. ఉద్యోగం ఒంటికి పట్టిందన్నారు అందరూ. చెయ్యి బల్లకు తగిలితే చాలు, కమిలి నల్లమచ్చ పడేది. పని ఎక్కువన్నారు. అలాంటి ముఖాలు, అలాంటి చేతులు మా కౌంటరు ముందుకు రోజూ వచ్చేవి. వాళ్ల చీటీల మీద డాక్టర్లు రాసే జబ్బు పేరు నేను నిద్రలో అడిగినా చెప్పగలను. కానీ వాళ్లు కౌంటరుకు అవతల ఉండేవాళ్లు. అక్క ఇవతల ఉండేది. అదొక్కటే తేడా.

ఇంతలో ఉద్యమం ముదిరింది.

నేను జై తెలంగాణ అన్నవాణ్ణి. అరవై తొమ్మిదిలో మగ్గం దిగి అన్నాను, అప్పుడు నా మీసం కూడా సరిగా మొలవలేదు. ఇప్పుడూ అంటాను. దానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను. కానీ ఆ రోజుల్లో మా ల్యాబులో ఒక సంగతి జరిగింది, అది రాయకపోతే ఇది అబద్ధమవుతుంది. రిసెప్షన్‌లో టీవీ ఉండేది. వార్తలు పెడితే వచ్చినవాళ్లు కొట్టుకునేదాకా పోతున్నారని ఓనరు దాన్ని భక్తి చానెల్‌కు తిప్పి, రిమోట్ ఇంటికి పట్టుకుపోయాడు. పొద్దస్తమానం భజనలు. ఆ భజనల కింద ఎవరూ ఎవరితో మాట్లాడేవాళ్లు కాదు. ఒక మధ్యాహ్నం మేడం తన డబ్బా తీసుకొని మైక్రోస్కోప్ గదిలోకి వెళ్లి తింది. మర్నాడూ అక్కడే తింది. అక్క సర్వపిండి విరిచి ఒక ముక్క అక్కడికి తీసుకెళ్లేది. ఖాళీ పళ్లెం తెచ్చేది. నేను వెళ్లలేదు. వెళ్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో దవాఖానాలవాళ్లం, ల్యాబులవాళ్లం అంతా కలిసి ఒక టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టాం. రోజుకు కొందరు పొద్దున దండలు వేసుకొని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు, మర్నాడు ఇంకో జట్టు. మధ్యాహ్నం ఎవరో ఒక లీడరు వచ్చి, కూర్చున్నవాళ్ల మధ్యలో దూరి ఫోటో దిగి, బయట తన కారులో టిఫిను తిని పోయేవాడు. వాళ్ల సంగతి మొదలుపెడితే ఇది ముగియదు.

అక్క తన పేరు తానే ఇచ్చింది. ఆ వారమంతా ఆమె నీరసంగా ఉంది. అన్నం సయించడం లేదంది. మోకాళ్లు పట్టేశాయంది. అయితే కూర్చోకు అన్నాను.

"కూర్చునేదే గదన్నా, ఉరికేదున్నదా? మా పోరగాండ్లు లాఠీ దెబ్బలు తిన్నరు. నేను ఒక్క పూట తిండి మానలేనా?"

ఎండ దంచేస్తోంది. పొద్దున పాటలకు చప్పట్లు కొట్టిన మనిషి మధ్యాహ్నానికి గుంజకు ఒరిగింది. వాంతి చేసుకుంది. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూసింది కానీ నన్ను గుర్తుపట్టలేదు. దీక్షలో ఇలాంటివి మామూలే అన్నారు, నిమ్మరసం తెచ్చారు. పళ్లు బిగబట్టింది. నలుగురం ఎత్తుకొని సందులో ఉన్న చిన్న నర్సింగ్ హోంకు తీసుకుపోయాం.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు. వెంటనే సెలైన్ పెట్టాడు, గ్లూకోజు ఎక్కించాడు. ఎండదెబ్బ, ఖాళీ కడుపు, గంటలో లేచి కూర్చుంటుందన్నాడు. గంట గడిచింది. ఆమె లేవలేదు. బీపీ ఎక్కడం లేదు. రెండో సీసా పెట్టాడు. అప్పుడు అతని ముఖంలో కూడా ధీమా పోయింది. సమ్మెలో అక్కడి ల్యాబు మూసి ఉంది. నేనే రక్తం తీసి, కబురు విని ఉరికొచ్చిన అక్క మొగుడి చేతికిచ్చి, గల్లీల్లోంచి ఆటో తోలుకొని మా ల్యాబుకు పొమ్మన్నాను. అక్కడ ఆ రోజు మేడం ఒక్కతే ఉంది. మేమంతా టెంట్లో ఉంటే ఆమె ఒక్కతే గది తెరుచుకొని కూర్చునేది.

అతను పోయాక నేను మంచం పక్కన నిలబడ్డాను. ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. నేను పట్టుకున్నచోట చర్మం కమిలింది. ఆ మచ్చ నా కళ్ల ముందే నల్లబడింది. ఏదో గుర్తుకు రావాలి, రావడం లేదు. ఎంత చదివితే ఏం లాభం, మన మనిషే మంచం మీద ఉంటే తల పనిచేయదు.

ఫోను మోగింది. మేడం. ఉద్యమం ముదిరాక ఆమె నాకు ఫోను చేయడం అదే మొదలు.

"మాస్టారూ, గ్లూకోజు ఎక్కించినా షుగరు ఇంకా చాలా తక్కువుంది. సోడియం కూడా. కిట్ వచ్చిన రోజు మనం పక్కన పెట్టిన అంకె గుర్తుందా?"

గుర్తుందన్నాను.

"అది నిజమైన అంకేనండీ. అక్క వాళ్లాయన ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడే చెప్పాడు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఎవడో కీళ్లనొప్పులకు చెట్ల మందని పొడి ఇస్తాడట. రెండేళ్లనించీ తేనెలో కలుపుకొని తింటోందట. మనకు తెలిస్తే నేను తిడతానని చెప్పలేదట. బస్సుల్లేక వారం పైనించీ పొట్లాలు అయిపోయాయి. ఫోను డాక్టరుగారికివ్వండి."

ఇచ్చాను. ఆయన విన్నాడు. మేడం మాట పూర్తికాకముందే నర్సు వైపు తిరిగి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తెమ్మన్నాడు. ఫోను నా చేతిలో పెట్టి, అక్క ముఖం వైపు చూసి, "ఈ ముఖం చూసైనా నాకు తట్టాల్సింది" అన్నాడు. నేను ఆ ముఖాన్ని ఏడాదిగా చూస్తున్నానని ఆయనకు చెప్పలేదు.

ఏం జరిగిందో మా ఊరి లెక్కలో చెబుతాను. మెదడు కింద వేలాడే పిట్యూటరీ అనే బుడిపె ఉంది. అది షావుకారు. కొట్టులో చీరలు తగ్గితే నేతగాడికి కబురు పంపుతుంది. నిండుగా ఉంటే కబురు ఆపుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. చెట్ల మందు అన్న ఆ పొడిలో ఆ దొంగ వైద్యుడు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపాడు. మిల్లు చీరలు తెచ్చి కొట్టు నింపినట్టు. కొట్టు నిండుగా ఉంది కదాని షావుకారు కబురు మానేశాడు. నేతగాడు కూర్చొని కూర్చొని, మగ్గానికి బూజు పట్టి, చేతులు పని మరిచిపోయాయి. మా పరీక్ష వెతికేది ఒళ్లు నేసిన సరుకును. పొడిలోని సరుకు దానికి కనపడదు. అందుకే అక్క గుంట ముద్దబంతి రంగు, ఆ బయటి సరుకు ఎక్కువయ్యే ముఖం గుండ్రమై చర్మం కమిలేది. ఉన్నట్టుండి బయటి సరుకు ఆగింది, పైగా ఎండ, ఉపవాసం. ఒళ్లు చీర కావాలని అరుస్తోంది. నేసేవాడు లేడు.

మేడం వచ్చేసింది. అక్క మొగుడి ఆటోలో కొత్తపేట దాకా వచ్చిందట. అక్కడ రాస్తారోకో. దిగి, రోడ్డు మీద కూర్చున్న జనం మధ్యలోంచి నడిచింది. కుర్రాళ్లు ఆపి నినాదం ఇచ్చి పొమ్మన్నారట. మీ దీక్షలో కూర్చున్నావిడే పడిపోయింది, ముందు దారివ్వండి బాబూ అందట. వాళ్లలో ఒకడు బండి మీద ఎక్కించుకొని తెచ్చి నర్సింగ్ హోం ముందు దించాడు. ఇదంతా ఆమె నాకు చాలా రోజులకు గాని చెప్పలేదు. ఆ వేళ లోపలికి వచ్చి, చెప్పులు గుమ్మంలో విడిచి, అక్క కాళ్ల దగ్గర స్టూలు లాక్కొని కూర్చుంది, అంతే. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఇద్దరం బీపీ యంత్రం వైపే చూస్తున్నాం. నెలల తరబడి మాట్లాడుకోని మనుషులం, మాటలు లేకుండానే ఒక పని చేస్తున్నాం. అది కూడా మా పాత అలవాటే, గుంటల్లో రంగు వచ్చేదాకా అలాగే కూర్చునేవాళ్లం.

పొద్దు వాలేసరికి బీపీ ఎక్కింది. అక్క కళ్లు తెరిచి ముందు సెలైన్ సీసాను చూసింది.

"గా సీసల నీళ్లు ఎక్కిస్తే నా దీక్ష పోయినట్టేనా?"

నరంలోకి పోయింది కాబట్టి పోనట్టే అన్నాడు డాక్టరు. అక్కకు ఆ తీర్పు నచ్చింది. అప్పుడు మేడంను చూసింది.

"నాకు ఫికర్ లేదని మీరే అన్నరు గద, మేడం."

వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. మేడం ఆమె పాదం మీద చెయ్యి వేసి, తల వంచుకొని, అన్నామక్కా, మాకే తెలియలేదు అంది. ఆ తరువాత లేచి బయటికి పోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని వరండాలో నిలబడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఈసారి ఏం మాట్లాడాలో తెలియకపోయినా వెళ్లాను.

పొడి ఇచ్చినవాడి మీద నేను పోలీసుల దగ్గరికి పోయాను. బందోబస్తు డ్యూటీలో ఉన్నాం, ఉద్యమం అయ్యాక రమ్మన్నారు. తరువాత ఒకనాడు ఆ దారిన పోతే వాడి బోర్డు ఇంకా పెద్దదైంది. అందులో వాడు రాయించుకున్నదేమిటో తెలుసా, మా మందులో స్టెరాయిడ్లు లేవు అని. అందుకే ఆ మాట మీద అందరూ తలోరాయీ వేస్తుంటే నాకు కోపం. తప్పు సరుకుది కాదు, దొంగతనంగా కలిపి, పేరు చెప్పకుండా పెట్టి, ఆపకూడదని చెప్పనివాడిది.

బతికించడం ఒక్క సాయంత్రం పని. మగ్గాన్ని మళ్లీ ఆడించడం అలా కాదు. పెద్ద డాక్టరు మాత్రలు రాసి, వాటిని చీమంత చీమంత తగ్గిస్తూ పోవాలన్నాడు. ఒక్కసారి ఆపితే మళ్లీ పడిపోతుంది, ఆపకపోతే గ్రంథి ఎప్పటికీ లేవదు. కీళ్లకు వేరే మందు పెట్టాడు. అప్పుడప్పుడూ పొద్దున్నే మాత్ర వేసుకోకముందు అక్క రక్తం తీసేవాళ్లం. రంగు చూసేవాళ్లం. ముద్దబంతి. మళ్లీ ముద్దబంతి. ఒకసారి కాస్త పలచబడినట్టు అనిపించింది, తరువాత జ్వరమొచ్చి మాత్ర పెంచాల్సి వచ్చింది, మొదటికొచ్చింది.

అక్క విసుక్కునేది. "నా ఒంట్లది నాకే ఒస్తలేదు. ఏం షావుకారన్నా వాడు, కబురు పంపనీకి ఇన్ని దినాలా?" అని నన్ను నిలదీసేది, వాడు నా చుట్టమైనట్టు.

ఆ రోజులే నాకు ఇప్పుడు కావాలనిపించే రోజులు. మేడం డబ్బా మళ్లీ మా బల్ల మీదికి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఒకరోజు వచ్చి కూర్చుంది, అక్క జరిగి చోటిచ్చింది. బయట గొడవలు అలాగే ఉన్నాయి. నేను టెంటుకు పోతూనే ఉన్నాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మేడం పరీక్ష ప్లేటు సిద్ధంగా పెట్టి, మాస్టారూ, మీ ఉద్యమం ఎంతవరకొచ్చింది అనేది. మా అక్క కార్టిసాల్ అంతవరకొచ్చింది అనేవాణ్ణి. ముగ్గురం నవ్వేవాళ్లం. రెండూ వస్తాయని ముగ్గురికీ తెలుసు. ఎప్పుడన్నదే తెలియదు.

రెండో ఏడు గడిచే వేళకు ఢిల్లీ నుంచి మాట వచ్చింది. రాష్ట్రం వస్తుందని ఖాయమైంది. రోడ్ల మీద రంగులు చల్లుకున్నాం. నేనూ చల్లాను, నా తల నెరిసిన సంగతి మరిచిపోయి. ఆ నెలలోనే ఓనరు ల్యాబును పెద్ద కంపెనీకి ఇచ్చేస్తున్నట్టు చెప్పాడు. మేడం విజయవాడ వెళ్తున్నట్టు చెప్పింది. వాళ్లాయన అక్కడ ఇల్లు చూశాడట. కారణం అడిగితే పిల్లల చదువు అంది. చైతన్యపురిలో చదువులకేం తక్కువో నాకర్థం కాలేదు.

ఆమె చివరి రోజున అక్క రక్తం మళ్లీ తీశాం. మాత్ర పూర్తిగా ఆపి చూడమని డాక్టరు రాశాడు. మేడం తనే ప్లేటు చేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. రంగు వేసి, ముగ్గురం బల్ల మీదికి వంగాం. పక్కవాళ్ల గుంటలు లేత పసుపు. అక్క గుంట ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వరసలో అన్నీ ఒకే రంగు.

మేడం మళ్లీ చేసింది. అప్పుడు గాని నమ్మలేదు.

"ఇగ నాది నేనే చేసుకుంటున్ననా?" అంది అక్క.

చేసుకుంటున్నావన్నాను. అక్క పోయి టీ పెట్టింది. చక్కెర ఎక్కువ వేసింది. గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టి, మేడం ఎదురుగా నిలబడింది.

"ఏడికి పోతవు మేడం? మాకు ఇంకెవరున్నరు? ఈడనే ఉండరాదు."

మేడం నవ్వి, ఇల్లు ఖాళీ చేసేశామక్కా, సామాను కూడా వెళ్లిపోయింది అంది. టీ మొత్తం తాగింది, ఆ చక్కెరతోనే. అక్కను దగ్గరికి తీసుకుంది. అక్క చేతుల మీద అప్పటికి నల్లమచ్చలు లేవు.

నేను ఆటో దాకా సంచీ మోశాను. రోడ్డు మీద మెట్రో కోసం తవ్వేసిన గోతులు, దుమ్ము. ఎక్కబోతూ ఆగింది.

"ఇన్నేళ్లలో నన్నెవరూ పొమ్మనలేదండీ మాస్టారూ. మీరసలే అనలేదు. ఉండమని అన్నది మాత్రం ఈవాళ అక్క ఒక్కతే."

నేను సంచీ లోపల పెట్టాను. నా దగ్గర మాట ఉంది. ఆటోవాడు తొందర పెడుతున్నాడు, వెనక బస్సు హారను కొడుతోంది. జాగ్రత్తమ్మా అన్నాను. ఆమె తలూపింది.

ఆటో కొద్దిదూరం పోయి సిగ్నల్ దగ్గర ఆగింది. వెనక అద్దంలోంచి ఆమె జడ కనపడుతోంది. పరుగెత్తితే అందేంత దూరం. ఎర్రలైటు ఇంకాసేపు ఉంటే బాగుండునని అక్కడే నిలబడ్డాను. లైటు మారింది.